పాత హోండా సీఆర్‌వీ వెనక సస్పెన్షన్‌కి తుప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాకి చదువుకోడానికో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన మనవాళ్లు కొనే మొదటి కార్లలో పాత హోండా సీఆర్‌వీ ఎక్కువగానే కనిపిస్తుంది. ఇంజన్ గట్టిది, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, నలుగురు రూమ్మేట్లూ వారం రోజుల సరుకులూ హాయిగా పడతాయి. 2007 నుంచి 2011 వరకు మోడల్ సంవత్సరాల బండ్లు ఇప్పటికీ బాగానే అమ్ముడవుతున్నాయి. అయితే మంచు పడే రాష్ట్రాల్లో తిరిగిన ఈ బండ్లలో ఇంజన్ కంటే ముందు చూడాల్సిన చోటు ఒకటుంది. అది వెనక చక్రాలకి కాస్త ముందు, బండి కింద ఉంటుంది. కొనబోయేవాళ్లూ, ఇప్పటికే నడుపుతున్నవాళ్లూ దాని గురించి పదేపదే అడిగేవాటికి ఇవి జవాబులు.

అసలు సమస్య ఏమిటి?

ఈ బండిలో వెనక చక్రాన్ని పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్మ్ అనే ఇనుప చెయ్యి ఒకటుంది. దాని ముందు కొనని బండి వెనక ఫ్రేముకి బిగిస్తారు. రోడ్డు మీద చల్లిన ఉప్పు, నీళ్లు, బురద కలిసి ఆ ఫ్రేము లోపలికి చేరి, బిగించిన చోట రేకుని తినేస్తాయి. ఆర్మ్ బాగానే ఉంటుంది, బోల్టు కూడా బాగానే ఉండొచ్చు. బోల్టు పట్టుకోవాల్సిన రేకే మిగలదు. అప్పుడు ఆర్మ్ వదులవుతుంది, మరీ ముదిరితే ఫ్రేము నుంచి ఊడిపోతుంది.

హోండా 2023 మార్చిలో దీని మీద రీకాల్ ప్రకటించింది, అంటే లోపమున్న బండ్లని వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేస్తామంది. అమెరికాలో సుమారు 5 లక్షల 64 వేల బండ్లు దాని కిందకి వచ్చాయి. అన్నీ 2007 నుంచి 2011 మోడల్ సీఆర్‌వీలే.

ట్రెయిలింగ్ ఆర్మ్ చేసే పని ఏమిటి? అది వదులైతే అంత ప్రమాదమా?

చక్రం పైకీ కిందకీ కదలాలి, కానీ ముందుకీ వెనక్కీ జరగకూడదు. దాన్ని ఆ గీతలో ఉంచేది ట్రెయిలింగ్ ఆర్మే. మీరు బ్రేక్ తొక్కినప్పుడు చక్రం వెనక్కి లాగుతుంది, ఆ లాగుడంతా ఈ ఆర్మ్ ద్వారానే ఫ్రేముకి చేరుతుంది. ఫ్రేము దగ్గర పట్టు సడలితే బ్రేక్ తొక్కిన ప్రతిసారీ ఆ చక్రం కొద్దిగా పక్కకి తిరుగుతుంది. అంటే స్టీరింగు మీ చేతిలో ఉన్నా, బండి వెనక భాగం తన ఇష్టం వచ్చినట్టు మలుపు తీసుకుంటోందన్నమాట. 30 మైళ్ల వేగంలో అది ‘బండి కొంచెం ఊగుతోంది’ అనిపిస్తుంది. ఫ్రీవేలో 70 మీద లేన్ మారుతుండగా జరిగితే అదుపు తప్పుతుంది. కాబట్టి ఇది ‘వచ్చే జీతానికి చూద్దాంలే’ అనుకునే రిపేరు కాదు.

రోడ్డు మీద చల్లే ఉప్పుతో ఇంత గట్టి ఇనుము పాడవుతుందా?

పాడవుతుంది, మనం అనుకునేదానికంటే త్వరగా. మన ఊళ్లలో పదిహేనేళ్ల బండిని చూసిన కళ్లతో ఇక్కడి బండిని చూడకూడదు.

ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, అందుకే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారు. మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాటితే సరిగ్గా పనిచేయదు. అంతకన్నా చలి ఉన్నచోట కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. ఈ రెండూ గాలిలోని తేమని లాక్కుంటాయి. రోడ్డు పొడిగా ఆరిపోయినా మీ బండి అడుగున అంటుకున్న పొర తడిగానే ఉంటుంది. ఇనుము, ప్రాణవాయువు, నీరు కలిస్తే తుప్పు పడుతుందని బళ్లో చదువుకున్నాం. అది ఒక విద్యుత్ రసాయన చర్య. ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి ఆ చర్య ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది.

ఇక ఈ బండి సంగతి. ఫ్రేము అంటే గట్టి ఇనుప దూలం అనుకోకండి. రేకుని వంచి, వెల్డింగ్ చేసి, లోపల బోలుగా పెట్టెలా తయారుచేసిన భాగం అది. లోపల చేరిన నీళ్లు కారిపోవడానికి దానికి రంధ్రాలు వదులుతారు. టైరు ఎగజిమ్మే ఉప్పునీళ్లు ఆ రంధ్రాల్లోంచే లోపలికి వెళ్తాయి, వాటితో పాటు సన్నటి మన్నూ వెళ్తుంది. మన్ను పేరుకుని రంధ్రం పూడుకుపోయిందంటే లోపల ఉప్పు బురద నెలల తరబడి తడిగా కూర్చుంటుంది. చెదపట్టిన ద్వారబంధం బయటికి రంగు వేసి నున్నగానే ఉంటుంది, వేలితో నొక్కితేనే లోపల ఏమీ లేదని తెలుస్తుంది. ఈ ఫ్రేము పరిస్థితీ అంతే. బయట తుప్పు కనిపించేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

ఇంకో విషయం కూడా ఉంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిసిన చోట మధ్యలో తుప్పు పుడితే అది ఉబ్బి, రెండింటినీ విడదీస్తుంది. ట్రెయిలింగ్ ఆర్మ్ బిగించే చోట రేకుల మీద రేకులు వెల్డింగ్ చేసి ఉంటాయి. తడి నిలవడానికి అది బాగా అనువైన చోటు.

రీకాల్ ఏయే రాష్ట్రాల బండ్లకి వర్తిస్తుంది?

ఇరవై రెండు రాష్ట్రాలూ, రాజధాని వాషింగ్టన్ డీసీ. అవి: న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలండ్, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్, డెలావేర్, మేరీల్యాండ్, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, ఒహాయో, మిషిగన్, ఇండియానా, ఇల్లినాయ్, విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, మిస్సోరి, కెంటకీ.

నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ ఉప్పు చల్లరు కదా, నాకేం భయం?

మీరు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్క కాదు, బండి ఎక్కడెక్కడ తిరిగిందన్నది లెక్క. ఆ రాష్ట్రాల్లో అమ్ముడైనా, ఎప్పుడైనా అక్కడ రిజిస్టర్ అయినా ఆ బండి రీకాల్ పరిధిలోకి వస్తుంది. న్యూజెర్సీలో చదువు పూర్తిచేసి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చి బండి నడుపుకుంటూ వచ్చినవాళ్లు మనలోనే ఎందరో ఉన్నారు. ఆ బండే తర్వాత ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో మరొకరి చేతికి వెళ్తుంది. వేలంలో కొనుక్కొచ్చి దక్షిణాదిలో అమ్మే డీలర్లూ ఉన్నారు. పట్టిన తుప్పు టెక్సాస్ ఎండకి పోదు.

అందుకే బండి పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ లాంటి రిపోర్టు తెరిచినప్పుడు మైళ్ల అంకె కంటే ముందు రాష్ట్రాల పేర్లు చదవండి. లక్షా 80 వేల మైళ్లు జార్జియాలో తిరిగిన సీఆర్‌వీ ఒకటీ, 90 వేల మైళ్లు మంచు ఎక్కువగా పడే న్యూయార్క్ రాష్ట్రపు బఫెలోలో తిరిగింది ఒకటీ ఎదురుగా ఉంటే నేను మొదటిదే మెకానిక్ షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి చూస్తాను.

నా బండి రీకాల్‌లో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

విన్ నంబర్ కావాలి, అంటే ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. అందులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద మూలలో బయటి నుంచే కనిపిస్తుంది, డ్రైవర్ డోరు తెరిస్తే పక్కనున్న స్టిక్కర్ మీదా ఉంటుంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్లో రీకాల్ పేజీకి వెళ్లి ఆ నంబర్ కొడితే, ఇంకా పూర్తికాని రీకాల్స్ చూపిస్తుంది. హోండా వాళ్ల సైట్లోనూ చూసుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

అక్కడ ఏమీ చూపించలేదంటే రెండు అర్థాలు ఉండొచ్చు. బండి రీకాల్ పరిధిలో లేకపోవచ్చు, లేదా ఆ పని ఇప్పటికే అయిపోయి ఉండొచ్చు. రెండోదైతే ఏం చేశారో కాగితం అడగండి. ‘తనిఖీ చేశాం, బాగుంది’ అని రాసి ఉండటం ఒకటి, ‘బ్రేస్ (ఆ చోటికి బలమిచ్చే భాగం) బిగించాం’ అని ఉండటం మరొకటి.

డీలర్ దగ్గరికి తీసుకెళ్తే ఏం చేస్తారు?

ముందు లిఫ్ట్ ఎక్కించి వెనక ఫ్రేము చూస్తారు. అవసరాన్నిబట్టి ఆ చోటికి బలమిచ్చే సపోర్ట్ బ్రేస్ బిగిస్తారు, లేదా ఫ్రేముని రిపేరు చేస్తారు. రిపేరుకి కూడా లొంగనంతగా పాడైపోతే కొన్ని సందర్భాల్లో హోండాయే బండిని వెనక్కి కొనుక్కుంటుంది. వీటిలో దేనికీ మీరు డబ్బు కట్టక్కర్లేదు.

వెళ్లే ముందు ఫోన్ చేసి, వెనక ఫ్రేము తుప్పు రీకాల్ కోసం వస్తున్నామని స్పష్టంగా చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆయిల్ మార్చడానికి వెళ్లినప్పుడు వాళ్లే చూస్తారులే అనుకోవద్దు. తనిఖీ అయ్యాక రాతపూర్వకంగా ఫలితం తీసుకోండి. వీలైతే లిఫ్ట్ మీద ఉండగా ఫోటోలు అడగండి, చాలా షాపుల్లో ఇప్పుడు టెక్నీషియన్లే ఫోన్‌లో తీసి పంపుతున్నారు.

నేను బండికి మూడో ఓనర్‌ని. హోండా పంపిన ఉత్తరం కూడా నాకు రాలేదు. ఉచితంగా చేస్తారా?

చేస్తారు. రీకాల్ బండికి సంబంధించినది, మనిషికి కాదు. ఉత్తరం రాకపోవడానికి కారణం సాధారణంగా అడ్రసే. మనవాళ్లు అపార్ట్‌మెంట్లు మారుతూ ఉంటారు, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీఎంవీ ఆఫీసు రికార్డులో పాత అడ్రసే ఉండిపోతుంది. వచ్చిన ఉత్తరం ఎవరో పాత అద్దెవాళ్ల డబ్బాలో పడి ఉంటుంది.

రీకాల్‌కి ముందే నా డబ్బుతో ఈ రిపేరు చేయించుకున్నాను. ఆ డబ్బు తిరిగి వస్తుందా?

అడగడానికి దారి ఉంది. రీకాల్‌లో చెప్పిన లోపానికే అంతకుముందు ఖర్చు పెట్టి ఉంటే, రసీదులతో కంపెనీకి దరఖాస్తు చేసుకోవచ్చు. షాపు పేరు, తేదీ, విన్ నంబర్, చేసిన పని వివరంగా ఉన్న బిల్లు కావాలి.

నడిపేటప్పుడు ఏ లక్షణాలు కనిపిస్తాయి?

స్పీడ్ బ్రేకర్ మీదో గుంతలోనో పడినప్పుడు వెనక నుంచి ‘టక్’ మని ఒక బరువైన శబ్దం వస్తుంది. సన్నగా గిలగిలమనే శబ్దం వేరు, అది సైలెన్సర్ రేకుదో మరొకదానిదో అయ్యుండొచ్చు. ఇది ఎవరో అడుగు నుంచి ఒక్క దెబ్బ కొట్టినట్టు ఉంటుంది. బ్రేక్ తొక్కగానే ఒకసారి, వదిలి యాక్సిలరేటర్ తొక్కగానే మరోసారి ఆ శబ్దం వస్తే ట్రెయిలింగ్ ఆర్మ్ కొన దగ్గర కదలిక ఉందని గట్టిగా అనుమానించాలి.

వెనక భాగం తేలిపోతున్నట్టు, గాలికి పక్కకి జరుగుతున్నట్టు అనిపించడం మరో లక్షణం. వెనక టైర్లలో ఒకటే ఒక అంచున అరిగిపోవడం, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించిన కొద్దిరోజులకే మళ్లీ తప్పడం కూడా చూడాలి. అలైన్‌మెంట్ షాపులో ఇచ్చే కాగితం పారేయకండి. వెనక చక్రాల అంకెల్లో ఒకవైపు మాత్రం బాగా తేడాగా ఉండి, ‘అడ్జస్ట్ కావట్లేదు’ అని మెకానిక్ అంటే కారణం అడగండి.

ఇంకొకటి, దూరం నుంచి చూసేది. చదునైన చోట బండి ఆపి, పక్క నుంచి వెనక చక్రాన్ని చూడండి. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ ముందువైపు ఎంత, వెనకవైపు ఎంత అని గమనించి, రెండో వైపు చక్రంతో పోల్చండి. ఒకవైపు చక్రం వెనక్కి జరిగినట్టు కనిపిస్తే ఆ బండిని ఇక నడపకండి, టో చేయించండి.

శబ్దం లేకపోతే బాగున్నట్టేనా అని కూడా అడుగుతుంటారు. కాదు. పట్టు పూర్తిగా సడలేదాకా ఎలాంటి శబ్దమూ రాకపోవచ్చు.

లిఫ్ట్ లేకుండా నేనే చూసుకోవచ్చా?

కొంతవరకు చూడొచ్చు. ముందుగా ఒక హెచ్చరిక: జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందకి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. తుప్పుపట్టిన బండికి జాకీ పెట్టే అంచే కూలిపోవచ్చు. బండి నాలుగు చక్రాల మీదా నేల మీద ఉండగానే చూడండి, సీఆర్‌వీ ఎత్తు దానికి సరిపోతుంది.

వెనక డోరు పక్కన నేల మీద అట్టపెట్టె పరుచుకుని పడుకోండి. ఫోన్ టార్చి వెలిగించి వెనక టైరుకి ముందు, లోపలివైపు చూడండి. చక్రం దగ్గర నుంచి ఒక ఇనుప ఆర్మ్ ముందుకి వచ్చి, లావుపాటి రబ్బరు బుష్ దగ్గర ఆగుతుంది. ఆ బుష్‌ని బోల్టులతో ఫ్రేముకి బిగించి ఉంటారు. మీరు చూడాల్సింది ఆ బోల్టుల చుట్టూ ఉన్న రేకు. బోల్టు తల తుప్పుపట్టి ఉన్నంత మాత్రాన కంగారుపడకండి, ఈ రాష్ట్రాల్లో అన్ని బండ్లకీ అది ఉంటుంది. రేకు పొరలు పొరలుగా లేచిందా, అంచు ఉబ్బిందా, వెల్డింగ్ గీత మీద నెర్ర ఉందా, నీళ్లు కారే రంధ్రం గుండ్రంగా ఉందా లేక అంచులు తినేసి పెద్దదై ఎగుడుదిగుడుగా ఉందా అన్నది గమనించండి. రెండు వైపులా చూసి ఫోటోలు తీసుకోండి. తారీఖుతో దాచుకుంటే వచ్చే చలికాలం తర్వాత పోల్చడానికి పనికొస్తాయి.

ఫోటోలో కనిపించనిది ఒకటుంది. లిఫ్ట్ మీద ఒక సీఆర్‌వీని దగ్గరుండి చూసినప్పుడు, ఎడమవైపు ఫ్రేము గోధుమరంగులో గరుగ్గా మాత్రమే ఉంది. మెకానిక్ చిన్న సుత్తితో కుడివైపు తట్టాడు, ఖంగుమంది. ఎడమవైపు తట్టాడు, మొద్దుగా దబ్బుమంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి బొటనవేలితో నొక్కేసరికి అది రేకులోకి దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి తడి మన్నూ, వేలిగోరు మందాన పెచ్చులూ నేల మీద రాలాయి. వానలు ఆగి వారం దాటిన ఎండాకాలం అది, లోపల బురద మాత్రం ఆరలేదు.

మెకానిక్ చూసి ‘పైపై తుప్పే, ఏం కాదు’ అన్నాడు. నమ్మొచ్చా?

ఎలా చూశాడన్నదాన్నిబట్టి. పైపై తుప్పు నిజంగానే ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. వైర్ బ్రష్‌తో రుద్దితే పోతుంది, కింద గట్టి ఇనుము కనిపిస్తుంది. ఆ తర్వాతి దశలో రేకు పెచ్చులుగా ఊడుతుంది, మందం తగ్గుతుంది. ఆఖరిది చిల్లులు పడటం. మొదటి దశకీ రెండో దశకీ తేడా ప్రతిసారీ కంటితో తెలియదు, తట్టాలి, గోకాలి, గుచ్చి చూడాలి. ‘మీరు స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూశారా?’ అని మర్యాదగా అడగండి. చూశానంటే మాట నమ్మండి.

న్యూజెర్సీ ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ కొత్తగా ఉంది. అంటే అడుగుభాగం చూసినట్టే కదా?

కాదు. న్యూజెర్సీలో మామూలు కార్లకి మెకానికల్ తనిఖీలు 2010లోనే ఆపేశారు, ఇప్పుడు చూసేది పొగ కాలుష్యమే. మిషిగన్‌లో ఏటా చేసే తనిఖీయే లేదు. ఒహాయోలోనూ ఇల్లినాయ్‌లోనూ కొన్ని ప్రాంతాల్లో పొగ పరీక్ష ఉంటుంది, అంతే. న్యూయార్క్, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, వర్జీనియాల్లో భద్రతా తనిఖీ ఉంది కాబట్టి అక్కడి స్టిక్కర్‌కి కొంత విలువ ఉంది. అది కూడా మీరు సొంతంగా చేయించే తనిఖీకి సాటిరాదు.

రీకాల్ పూర్తికాని బండిని డీలర్ అమ్మకూడదు కదా?

చాలామంది ఇలాగే అనుకుని మోసపోతున్నారు. రీకాల్ పెండింగులో ఉన్న కొత్త కారుని అమ్మకూడదు, పెద్ద అద్దె కార్ల కంపెనీలు అద్దెకి ఇవ్వకూడదు. కానీ పాత కార్ల విషయంలో అమెరికా కేంద్ర చట్టంలో అలాంటి అడ్డు లేదు. పాత కార్ల డీలరైనా, ఫేస్‌బుక్‌లో అమ్మే మనిషైనా రీకాల్ అలాగే ఉంచి బండి అమ్మొచ్చు. విన్ నంబర్ కొట్టి చూసుకునే బాధ్యత కొనేవాళ్లదే.

కొనే ముందు ఏం చేయించాలి?

అమ్మేవాళ్లకి సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించండి. సాధారణంగా 100 నుంచి 200 డాలర్ల మధ్య తీసుకుంటారు. సెమిస్టర్ మొదలవుతోంది, బండి లేకపోతే గడవదు, ఆ టెన్షన్‌లో ఈ ఖర్చు దండగ అనిపిస్తుంది. దయచేసి అలా అనుకోవద్దు. లిఫ్ట్ ఎక్కించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. బేరం తగ్గించి ఇస్తామన్నా వద్దు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్నగారు ‘హోండా కదరా, తీసుకో’ అంటారు. ఇంజన్ విషయంలో ఆయన మాట నిజమే, ఉప్పు సంగతి మాత్రం మన ఊరివాళ్లు చూసి ఉండరు.

మెకానిక్‌తో ‘ఓసారి చూడండి’ అని ఊరుకోకుండా, వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ బిగించే చోట రెండువైపులా గుచ్చి చూడమని చెప్పండి. అదే లిఫ్ట్ మీద బ్రేక్ పైపులు కూడా చూడమనండి. ఫ్రేము తుప్పుపట్టిన బండికి అవీ పట్టే ఉంటాయి.

కింద అంతా నల్లగా కొత్త అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా అడుగున వేసే పూత) వేసి ఉంది. ఓనర్ బాగా చూసుకున్నట్టే కదా?

కొత్త బండికి మొదటి చలికాలానికి ముందే వేయించి ఉంటే మంచిదే. పదిహేనేళ్ల బండికి అమ్మే నెలలో వేస్తే అనుమానించాలి. రబ్బరులాగా గట్టిపడే కోటింగ్ తుప్పు మీద వేస్తే తడి లోపలే చిక్కుకుని పని ఇంకా వేగంగా జరుగుతుంది, పైగా చిల్లులు కనపడకుండా పోతాయి. అలాంటి బండిని గుచ్చి చూడటానికి ఓనర్ ఒప్పుకోకపోతే ఆ బండి జోలికి వెళ్లకండి.

బుష్ మార్చేస్తే శబ్దం పోతుందని షాపులో అన్నారు.

బుష్ అరిగినా అలాంటి శబ్దమే వస్తుంది, ఆ మాట అబద్ధం కాదు. కానీ బుష్ మార్చాలంటే బోల్టులు విప్పాలి, మళ్లీ బిగించాలి. చుట్టూ రేకు పాడైన చోట బోల్టు విప్పితే లోపలున్న నట్టు గిర్రున తిరిగిపోతుంది, లేదా రేకుతో సహా ఊడివస్తుంది. అందుకని ముందు ఫ్రేము సంగతి తేల్చుకోండి. మీ బండి రీకాల్‌లో ఉంటే బుష్‌కి డబ్బు పెట్టేముందే డీలర్ దగ్గరికి వెళ్లండి.

బయట వెల్డింగ్ చేయించుకుంటే చవక కదా?

రీకాల్ ఉన్న బండికి ఆ అవసరమే లేదు. రీకాల్ లేని పాత బండికైతే, తుప్పుని గట్టి ఇనుము వచ్చేదాకా కోసేసి, సరైన మందం రేకు వేసి వెల్డింగ్ చేసే షాపు దొరికితే చేయించొచ్చు. తుప్పు మీదే ఒక పట్టీ అతికించి రంగు కొట్టేవాళ్లూ ఉన్నారు. పల్చబడిన రేకుకి వెల్డింగ్ పట్టదు, అంచు వెంబడి మళ్లీ చిరుగుతుంది. చేసేటప్పుడు కోసిన భాగం ఫోటో చూపించమనండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

రాదు. తుప్పుని అరుగుదల కింద లెక్కేస్తారు.

తుప్పు ఇంకా పెరగకుండా ఏం చేయాలి?

చలికాలంలో వీలైనప్పుడల్లా, ఉష్ణోగ్రత సున్నా పైకి వచ్చిన రోజున, అండర్‌బాడీ వాష్ ఉన్న చోట కడిగించండి. పైన మెరిసేలా కడిగి అడుగు వదిలేస్తే లాభం లేదు. ఉప్పు చల్లడం ఆగిపోయాక వసంతంలో ఒకసారి కచ్చితంగా, నిదానంగా కడిగించాలి. లోపల పేరుకున్నది అలాగే వదిలేస్తే వేసవి వేడికి తుప్పు ఇంకా వేగంగా పడుతుంది.

నీళ్లు కారే రంధ్రాలు పూడుకుని ఉంటే తెరవండి. ప్లాస్టిక్ జిప్ టైతో మెల్లగా కదిపితే మన్ను రాలుతుంది.

హీటింగ్ ఉన్న గరాజ్ బండికి మంచిదని అనుకుంటాం. ఉప్పు మంచు అంటిన బండిని రోజూ వెచ్చని గరాజ్‌లో పెడితే ఆ మంచు కరిగి, ఉప్పునీరై, వెచ్చగా రాత్రంతా ఇనుముని నానబెడుతుంది. చలికి గడ్డకట్టి ఉన్నప్పుడు తుప్పు నెమ్మదిగా సాగుతుంది. గరాజ్‌లో పెట్టేవాళ్లు మరింత తరచుగా కడగాలి.

అన్నిటికంటే పనిచేసేది ఏటా శరదృతువులో కొట్టించే నూనె స్ప్రే. గొర్రె ఉన్ని నుంచి తీసిన లానోలిన్‌తో చేసినవి, నూనెలతో చేసినవి దొరుకుతాయి. ఇవి గట్టిపడవు, సందుల్లోకి పాకుతాయి. ఫ్రేము లోపలికి గొట్టం పెట్టి కొట్టమని ప్రత్యేకంగా చెప్పాలి, బయట మాత్రమే కొడితే సగం పనే. రబ్బరు బుష్‌ల మీద పడకుండా చూడమనండి, నూనెకి కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి.

సీఆర్‌వీ వద్దు, వేరే ఎస్‌యూవీ తీసుకుంటే ఈ గొడవ ఉండదా?

ఉప్పు ఏ కంపెనీనీ వదల్లేదు. టయోటా 2006 నుంచి 2011 తొలి భాగం వరకు వచ్చిన రావ్4 లని వెనక సస్పెన్షన్ ఆర్మ్ విషయంలో 2012లో రీకాల్ చేసింది. వెనక అలైన్‌మెంట్ చేశాక నట్లు సరిగ్గా బిగించకపోతే మరల్లో కదలిక వచ్చి, తుప్పుపట్టి, అరిగి, ఆర్మ్ విడిపోయే ప్రమాదం అది. ఆ రిపేరు కొన్నిచోట్ల సరిగ్గా జరగలేదని 2013లో మళ్లీ పిలిచారు. అందుకే పాత రావ్4 కొంటున్నవాళ్లు వెనక అలైన్‌మెంట్ ఎవరు చేశారో అడగడం మంచిది. ఫోర్డ్ 2013 నుంచి 2017 ఎక్స్‌ప్లోరర్లని 2021లో పిలిచింది. వాటిలో వెనక సస్పెన్షన్‌లోని బాల్ జాయింట్ బిగుసుకుపోతే టో లింక్ అనే కడ్డీ విరుగుతుంది. టయోటా సెక్వోయా 2005 నుంచి 2008 బండ్ల ఫ్రేము తుప్పు మీద కోర్టు కేసు నడిచి 2016లో కంపెనీ రాజీకి ఒప్పుకుంది.

ఇన్ని చెప్పాక కూడా, అడుగు శుభ్రంగా ఉన్న పాత సీఆర్‌వీ దొరికితే కొనమనే చెబుతాను. అది మంచి బండి.

ఇండియాలో ఉన్న పాత సీఆర్‌వీకి ఈ సమస్య ఉంటుందా?

ఈ తరం సీఆర్‌వీ మన దగ్గరా అమ్ముడైంది. పైన చెప్పిన రీకాల్ అమెరికా బండ్లకి సంబంధించినది. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో తిరిగిన బండికి రోడ్డు ఉప్పు తగలదు కాబట్టి ఈ రకం తుప్పు వచ్చే అవకాశం తక్కువ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆరుబయట ఉన్న బండి అయితే ఉప్పుగాలి సంగతి ఆలోచించాలి. వరదనీళ్లలో మునిగిన బండి అయితే ఇంకా జాగ్రత్త, ఫ్రేము లోపల మన్ను చేరుతుంది. షెడ్డులో రాంప్ ఎక్కించినప్పుడు అదే చోట తట్టి చూడమనండి.

అపాయింట్‌మెంట్‌కి ఇంకా మూడు వారాలుంది. అప్పటిదాకా నడపవచ్చా?

శబ్దం, ఊగడం, చక్రం జరగడం వంటివి లేకపోతే, కంటికి చిల్లులు కనిపించకపోతే, దగ్గర దూరాలకి నెమ్మదిగా నడుపుకోండి. ఫ్రీవే, బరువులు, ట్రైలర్ లాగడం, దూర ప్రయాణాలు మానేయండి. గుంతలు చూసుకుని నడపండి. పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా నడపొద్దు. డీలర్‌కి మళ్లీ ఫోన్ చేసి, ‘వెనక ఫ్రేము తుప్పు రీకాల్, శబ్దం వస్తోంది, నడపడం క్షేమం కాదు’ అని చెప్పి, టో చేయించడానికి ఏర్పాటు ఉందా, ఈలోగా మరో బండి ఇస్తారా అని అడగండి. డీలర్ దగ్గర తేలకపోతే హోండా కస్టమర్ సర్వీసుకి ఫోన్ చేసి కేసు నంబర్ తీసుకోండి. మాట్లాడినవాళ్ల పేరు, తేదీ రాసిపెట్టుకుని, తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఆ నంబర్‌తోనే మొదలుపెట్టండి.